పాంథర్ మీద రెసిన్ జిమ్మెరిట్ రేకు వంకరగా పట్టేసింది, ఊడదియ్యడం ఎలాగండి?

పాలకొల్లు సెల్ షాపు

అందరికీ నమస్కారం అండి. పగలంతా సెల్లులు విప్పుకుంటాను, రాత్రి తొమ్మిది దాటాకే నా ట్యాంకులు. ఇప్పుడు 1/35 సైజు ప్లాస్టిక్ కిట్, జర్మన్ ట్యాంకు 'పాంథర్ ఏ' కడుతున్నాను. దాని ఒంటి మీద ఉండే గీతల పూత, అదే జిమ్మెరిట్, పుట్టీతో గీద్దామంటే చెయ్యి తిరగలేదు, పల్చటి రెసిన్ రేకులు తెప్పించాను. పైన గీతలు అచ్చుగుద్దినట్టున్నాయి, వెనక అద్దంలా నున్నగా ఉంది.

మొన్న ఆదివారం ఎడమ పక్క పెద్ద రేకు అంటించాను. పొద్దున్నించీ ముసురే. వెనకంతా సూపర్ గ్లూ రాసి ఒక కొస ఆనించానో లేదో పట్టేసింది. రెండో కొస రెండు మిల్లీమీటర్లు కిందకి దిగిపోయింది. జరుపుదామంటే జరగదు, మధ్యలో బుడగ. తెల్లారి చూస్తే అంచుల చుట్టూ విబూది పూసినట్టు తెల్లగా బూజు. లేచిన మూలని గోటితో నొక్కితే టిక్కుమని విరిగింది కూడాను.

కుడి పక్కది, టరెట్‌వి (పైన ఫిరంగి ఉండే గూడు) ఇంకా ముట్టుకోలేదు. షాపులో అసిటోన్ ఉంది, దాంతో ఊడదీసెయ్యనా? అసలు ప్లాస్టిక్ సిమెంటు వాడితే పోయేదా? చెప్పి పుణ్యం కట్టుకోండి.

భీమవరం చెరువుగట్టు

ముందు ఆ అసిటోన్ సీసా మూత పెట్టండి బాబూ! నేను ఒక టీ-34 ట్యాంకు కిట్‌కి గోళ్ల రంగు తుడిచే మందు రాసేను. గ్లూతో పాటు కిట్టూ కరిగి బెల్లంపాకంలా సాగింది. ప్లాస్టిక్ సిమెంటూ వద్దు. అది కిట్ ప్లాస్టిక్‌ని కరిగించి అతుకుతుంది, రెసిన్‌ని ఏమీ చెయ్యలేదు. మిగతాది మాష్టారు చెబుతారు, నాకు చెరువు దగ్గర ఏరియేటర్ ఆగిపోయింది.

రాజోలు డ్రాయింగు మాష్టారు

ఆయ్, వచ్చేనండి. మీ చేతిలో తప్పేం లేదు, గాలిలో ఉంది. సూపర్ గ్లూ గట్టిపడేది తేమ తగిలే. ముసురు రోజుల్లో మన గాలి పిండితే నీళ్లు కారతాయి, ఇంక అది మీకు జరుపుకునే టైమెక్కడ ఇస్తుంది? ఆ తెల్లటిదీ బూజు కాదు. గ్లూ ఆవిరి తేమతో కలిసి పక్కనే పేరుకుంది. బ్రష్షుతో దులిపి రంగేస్తే కనపడదు.

ఊడాలంటే డీప్ ఫ్రిజ్ ఒకటే. ట్యాంకు బాడీని కవర్లో చుట్టి రాత్రంతా పెట్టండి. చలికి ఆ గ్లూ పెళుసెక్కుతుంది. తియ్యగానే కొత్త బ్లేడు అంచు కింద దూర్చి మెల్లిగా పైకి ఎత్తండి. వెచ్చబడనిచ్చేరా, మళ్లీ మొండికేస్తుంది. నేను ఓసారి చోటు చాలక పులస ముక్కల డబ్బా తీసి కింద పెట్టి మర్చిపోయాను. ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది ఇక్కడ రాయలేను.

కుడి పక్కకి ఆరల్డైట్ వాడండి, నెమ్మదిగా పట్టే రకం. ముందు రేకుని గిన్నెలు తోమే సబ్బుతో, పాత టూత్‌బ్రష్షుతో కడగండి. అచ్చులోంచి ఊడిరావడానికి వేసిన జిడ్డు దాని మీద ఉంటుంది. తరవాత అద్దం మీద 400 నంబరు వాటర్ పేపరు పరిచి, వెనక వైపు తడిపి అరగదియ్యండి. పొడిగా అరగదీస్తే ఆ పొడుం ముక్కులోకే. అసలు ట్యాంకు మీద ఆ పూత కొద్ది మిల్లీమీటర్లే. నాలుగు మిల్లీమీటర్లు 1/35లోకి దిగితే మిల్లీమీటరులో పదో వంతు. మన రేకు ఎప్పుడూ దానికన్నా మందమే. ఎంత తీస్తే అంత మంచిది.

రెండు ట్యూబులూ సమంగా కలిపి, పెనానికి నూనె రాసినంత పల్చగా రాయండి. జరుపుకోవడానికి బోలెడు టైముంటుంది. మధ్య నించి అంచులకి స్పాంజితో నొక్కి, టేపులేసి పడుకోండి. మర్నాడు లేచిన అంచులుంటే అప్పుడు పుల్ల మొనతో సూపర్ గ్లూ చుక్క.

విరిగిన మూల మాత్రం అలాగే ఉంచండి. జర్మన్లు అయస్కాంతం మైన్లు అంటుకోకుండా 1943లో మొదలెట్టి 1944 సెప్టెంబరులో ఆపేసిన పూత ఇది. బేరియం సల్ఫేటు, రంపపు పొట్టు, రంగు కలిపేవారు, జిగురు పాలీవినైల్ అసిటేట్. అంటే మన వడ్రంగి తెల్ల గమ్ము జాతే! అసలు వాటి మీదే పెచ్చులు ఊడిపోయేవి.

ఆత్రేయపురం అమ్మాయి

టరెట్ వంపు సంగతి నేను చెబుతా అన్నయ్యా. మా ఇంట్లో పూతరేకులు చుడతాం. పొడి రేకుని మడిస్తే పొడుమే. తడిగుడ్డ అద్ది క్షణం ఆగితే మెత్తబడి చెప్పినట్టు వింటుంది. రెసిన్ రేక్కి తడి బదులు వేడి. వేలు పెడితే చురుక్కుమనే నీళ్లలో అర నిమిషం ముంచి, టరెట్ చుట్టూ చుట్టి, గుడ్డతో అదిమి చల్లారేదాకా వదలకండి. వంపు నిలిచాకే జిగురు. టరెట్‌ని మాత్రం నీళ్లలో ముంచెయ్యకండి, నేను చేసిన తప్పు అది.

పాలకొల్లు సెల్ షాపు

ఊడిందండీ! రెండు ముక్కలై వచ్చింది గానీ వచ్చింది. కుడి పక్క ఆరల్డైట్‌తో సరిగ్గా కూర్చుంది. వెనక అరగదియ్యడం తగ్గించేశాననుకుంటా, తాడు కట్టే కొక్కెం చిల్లులోకి సగమే దిగుతోంది. ఇప్పుడా చిల్లు చుట్టూ గీకుతున్నా. మా ఫ్రిజ్‌లో పులస లేదు మాష్టారూ, ఐస్‌క్రీమ్ డబ్బా ఉంది. దాన్ని బయట పెట్టింది నేనే, ఖాళీ చేసింది మా పాప.