ఏడుస్తున్న మనిషి చేత స్తోత్రం చెప్పించడం విశ్వాసమా?

కృష్ణలంక పాఠకురాలు

అందరికీ వందనాలు. ఈమధ్య ఒక కౌలురైతు జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. పాటలు అయ్యాక అతని భార్య చేతికి మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. నోరు తెరవగానే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "నిరీక్షణ లేనివాళ్ళలా ఏడవకూడదమ్మా, స్తోత్రం చెప్పు" అని సంఘపెద్ద ఒకరు గట్టిగా అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడి, తర్వాత చెప్పింది. అందరూ ఆమేన్ అన్నారు. అతను చేసిన అప్పు ఎంతో, పిల్లల ఫీజు ఎవరు కడతారో ఆ సాయంత్రం ఒక్కరూ అడగలేదు.

శ్రమల్లో ఆనందించమని వాక్యం చెబుతోంది. కాదనను. అయితే శ్రమ పడుతున్న మనిషి దగ్గరికి పోయి ఆ ఆనందాన్ని బాకీ వసూలు చేసినట్టు అడిగే హక్కు మనకు ఎవరిచ్చారు? నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్ళలా దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు గాని, అసలు దుఃఖపడవద్దని రాయలేదు. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కొద్దిసేపట్లో అతణ్ణి బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా.

గ్రామ సంఘ కాపరి

అమ్మా, వందనాలు. ఆ పెద్దాయన చెప్పిన తీరు మోటుగా ఉంది. కానీ చెప్పిన విషయాన్ని మీరు తోసేస్తున్నారేమో అనిపిస్తోంది. ఆనందించమని ఫిలిప్పీయులకు రాసినప్పుడు పౌలు చెరసాలలో ఉన్నాడు. అదే ఫిలిప్పీలో అంతకుముందు బెత్తాల దెబ్బలు తిని, కాళ్ళకు బొండ వేయించుకుని, అర్ధరాత్రి పాటలు పాడినవాడు. సుఖంగా కూర్చుని రాసిన సలహా కాదది.

ఎన్నో సమాధుల దగ్గర ప్రార్థన చేశాను. పాడడం మానేసిన ఇళ్ళు ఎలా చీకటిపడిపోయాయో చూశాను. తాగుడు, అన్నదమ్ముల తగాదాలు, దేవుడి మీద పగ. మనసు ఒప్పుకోకపోయినా ముందు నోటితో పాడాలి, మనసు దాని వెనకాల నెమ్మదిగా వస్తుంది. మన తాతముత్తాతల మాటేమిటి? 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతమంతా ఆకలితో అల్లాడింది. అది గడిచాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు వారిని దేవుడి నుంచి దూరం చేయలేదు. ఆ గట్టిదనం ఇప్పుడు మనలో తగ్గిపోతోందన్నదే నా బాధ.

వార్డు నర్సు

క్యాన్సర్ వార్డులో పనిచేస్తాను. నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది లోపు చెప్పమని రోగిని అడుగుతాం. ఆ అంకెను బట్టే డాక్టరు మందు రాస్తారు. ఒక సాయంత్రం ఒకామె మంచం చుట్టూ సంఘస్తులు నిలబడి పాడుతున్నారు. అడిగితే "రెండు" అంది, నవ్వుతూ. దుప్పటి కింద పిడికిలి బిగించి ఉంది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ అడిగాను. "ఎనిమిది సిస్టర్, వాళ్ళ ముందు ఎలా చెప్పను? నా కోసం ఉపవాసం ఉన్నారు" అంది.

పాస్టరుగారూ, పాట మీద నాకు కోపం లేదు. నేను కూడా పాడతాను. కానీ మన కోసం ఒక మనిషి తన నొప్పిని ఆరు అంకెలు తగ్గించి చెప్పిందంటే ఆ మంచం దగ్గర మనం చేసింది పరిచర్య అవునో కాదో ఆలోచించాలి. మందు అందవలసిన సమయానికి అందలేదు. అన్నీ పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు విప్పకుండా నేలమీద అతని పక్కన కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే.

తెనాలి న్యాయవాది

నేను ఇంకో వైపు నుంచి మాట్లాడతాను. దళితవాడల్లో "ఓర్చుకో, సంతోషించు" అనే ప్రసంగం అన్యాయం చేసినవాడికే మేలు చేస్తుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ వాడలో ఎక్కువ క్రైస్తవ కుటుంబాలే. వాళ్ళు ప్రార్థన చేసుకుంటూ ఇంట్లో కూర్చోలేదు. తమవాళ్ళను ఊరి నడుమ సమాధి చేశారు. విచారణ ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి, ప్రత్యేక న్యాయస్థానాన్ని అక్కడికే రప్పించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అన్నేళ్ళు సాక్ష్యం మీద నిలబడి, బెదిరింపులకు లొంగకపోవడం క్రైస్తవ గుణం కాదా? పెదవి మీద చిరునవ్వు ఉంటేనే గుణమా?

అయ్యగారు ఫిలిప్పీ చెరసాల ఎత్తారు కాబట్టి అపొస్తలుల కార్యాల్లో ఆ అధ్యాయం చివరి దాకా చదువుదాం. తెల్లవారాక న్యాయాధిపతులు గుట్టుగా వెళ్ళిపొమ్మని కబురు పంపితే పౌలు కదలలేదు. విచారణ లేకుండా రోమా పౌరులను బహిరంగంగా కొట్టించారు, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అన్నాడు. రాత్రి పాడినవాడే పొద్దున హక్కు అడిగాడు.

గ్రామ సంఘ కాపరి

ఆ పొద్దుటి సంగతి గుర్తు చేసినందుకు సంతోషం. పాడడమంటే నోరు మూసుకోవడమని నేను ఎప్పుడూ బోధించలేదు. కానీ సోదరా, రాత్రి పాట లేకుండా పొద్దుటి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? కోపం ఒక్కదానితో ఇరవై మూడేళ్ళు నిలబడడం కష్టం. నిలబడినా ఆ కోపం ముందు తన ఇంటినే కాలుస్తుంది. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షకు నిలిచిన గుణాన్ని, ఆ గుణం నిరీక్షణను పుట్టిస్తుందని రోమా పత్రిక చెప్పే వరస నాకు తెలిసిన జీవితాల్లో నిజమైంది. దాన్ని మాత్రం వదులుకోను.

కువైట్ నుంచి ఒక చెల్లి

పెద్దలందరికీ వందనాలు. నేను ఇంటిపనికి వచ్చిన మనిషిని. మా ఊరు కడప వైపు. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. కొంతమందికి ఆ పూట కూడా బయటికి పంపరు. వాళ్ళు వంటగదిలో ఫోను చెవి దగ్గర పెట్టుకుని మా పాటలు వింటారు. మా అమ్మ పోయినప్పుడు నాకు టికెట్టు దొరకలేదు. ఆ శుక్రవారం నేను పాడలేకపోయాను. పక్కన ఉన్న అక్కలు నా వంతు కూడా పాడారు. ఎవరూ నన్ను స్తోత్రం చెప్పమనలేదు. వాళ్ళు పాడుతుంటే నేను ఏడ్చాను, ఏడ్చాక అన్నం తిన్నాను. నాలుగు రోజుల తర్వాత తిన్నది అదే. నాకు తెలిసిన ఆనందం అది. పుస్తక జ్ఞానం లేదు, తప్పుంటే మన్నించండి.

కృష్ణలంక పాఠకురాలు

చెల్లీ, ఇందులో తప్పేమీ లేదు. నేను అడిగినదానికి నీ దగ్గరే జవాబు దొరికింది. మనిషి పాడలేనప్పుడు సంఘం ఆ మనిషి బదులు పాడాలి.

అయ్యగారూ, గుండ్లకమ్మ సంగతికి ఒక మాట. కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర చేసిన పని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చూడడం. కూటి కోసం వచ్చారనే మాట పడకూడదని, కరువు సాయం సాగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు కూడా. అంటే ఆకలిగా ఉన్నవాణ్ణి ముందు స్తుతించమనలేదు. ముందు గంజి, తర్వాతే గుండ్లకమ్మ. మీరు పిలిచిన సాక్షి నా వైపే మాట్లాడుతున్నాడు.

ఫిలిప్పీ పత్రికలోనే ఇంకొకటి ఉంది. పౌలు తోటి పనివాడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్ళి బతికాడు. అతను పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదని పౌలు దాచకుండా రాసుకున్నాడు. ఆనందించమన్న చేతే ఆ వాక్యమూ రాసింది. అందుకే జ్ఞాపకార్థ కూడికల్లో 88వ కీర్తన చదవాలని నా మనవి. చివరి మాట దాకా చీకటే ఉన్న కీర్తన అది. అయినా బైబిలు దాన్ని తీసేయలేదు, చివర్లో ఓదార్పు అతికించలేదు.

గ్రామ సంఘ కాపరి

చదువుతాను. మా మందిరంలో దాన్ని ఇంతవరకు ఎవరూ గట్టిగా చదవగా వినలేదు. కానీ దానితో కూడిక ముగించమంటే మాత్రం ముగించను. మీరు 88 దగ్గర ఆగుతారు, నేను స్తుతితో మొదలయ్యే 89 మొదలుపెడతాను. దీని మీద మనకు ఇంకా వాదం మిగిలే ఉంది. ఆ కౌలురైతు ఊరి పేరు, ఆమె అప్పు వివరాలు నాకు విడిగా పంపండి అమ్మా. ఆదివారం కానుకలో కొంత తీసి పంపిస్తాం.