ఫ్లైఓవర్‌కు పీజేఆర్ పేరు సరే, ఆయన ఇప్పించిన పట్టాల సంగతేంటి?

లేఅవుట్‌రావు:
హైదరాబాద్‌లో కొండాపూర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు వైపు దిగే ఫ్లైఓవర్‌కు 2025 జూన్‌లో పి. జనార్దన్‌రెడ్డి (పీజేఆర్) పేరు పెట్టారు. రోజూ దాని మీదుగానే వెళ్తాను, హాయిగా ఉంది, కాదనను. ఖైరతాబాద్ నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యే, మంత్రిగా చేశారు, శాసనసభలో కాంగ్రెస్ పక్ష నాయకుడు. పేరు పెట్టడానికి అర్హుడే. కానీ అప్పట్నుంచి ఎక్కడ చూసినా ‘పేదల దేవుడు’ అనే పోస్టులే. సర్కారు జాగాలో గుడిసె వేసుకుంటే ఏదో ఒక రోజు పట్టా వస్తుందని ఈ నగరానికి అలవాటు చేసింది కూడా ఆ రాజకీయమే కదా? దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం? నాలా వెడల్పు చేద్దామన్నా, రోడ్డు వేద్దామన్నా అడ్డం ఏమున్నాయో వెళ్లి చూడండి.

బల్కంపేట_పోరడు:
పొద్దున్నే మొదలైంది. చాయ్ తాగి వస్తా.

రేకులిల్లు:
రావు గారూ, నేను ఆ గుడిసెల్లో పుట్టినదాన్నే. బస్తీ పేరు చెప్పను, ఖైరతాబాద్ పక్కనే అనుకోండి. మా అమ్మానాన్న 1980లలో పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వచ్చారు. బంజారాహిల్స్‌లో ఇళ్లు కట్టారు. ఒక ఇల్లు పూర్తయ్యేదాకా ఆ ఇంటి ఇసుక కుప్ప పక్కనే పడుకునేవాళ్లు, గృహప్రవేశం ముహూర్తం పెట్టగానే ఖాళీ చేయాలి. కాలనీ గీసినవాళ్లు పార్కు గీశారు, క్లబ్బు గీశారు, కట్టే కూలీ ఎక్కడుంటాడో గీయలేదు. అప్పుడు గుట్ట మీద నాలుగు కర్రలు పాతుకున్నారు. పోలీసులు పీకేసేవారు, మళ్లీ వేసేవారు. ఎవరికి చెప్పుకోవాలో తెలిసింది పీజేఆర్ వల్లనే. రాత్రి పదకొండింటికి వెళ్లినా మనిషి బయటికి వచ్చి మాట్లాడేవాడని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. కృష్ణా నీళ్లు తెచ్చిన మనిషి ఆయన. ఆ తరం ఆడవాళ్ల నడుముల్ని అడగండి, బిందెల బరువు చెప్తాయి.

సాగర్‌పంపు:
రిటైర్డ్ ఇంజనీర్ని. మిగతా చర్చలోకి రాను, ఒక్క సవరణ. ‘తెచ్చిన’ అనకండమ్మా, ‘తెమ్మని కొట్లాడిన’ అనండి. కృష్ణా తాగునీటి పథకం మొదటి దశ పనులు నడిచింది తెలుగుదేశం హయాంలో, నీళ్లు వచ్చింది 2004లో. నాగార్జునసాగర్ వెనక జలాలు అక్కంపల్లి రిజర్వాయర్‌కు ఎత్తి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో తెస్తే నగరానికి రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. ఇది ధర్నాతో వచ్చే పని కాదు.

రేకులిల్లు:
ధర్నా లేకపోతే ఆ ఫైలు కదిలేదా సార్?

సాగర్‌పంపు:
ఫైలు కదలడం వేరు, నీళ్లు కదలడం వేరు. 1990ల మొదట్లో సింగూరు నుంచి మంజీరా మూడో దశ, నాలుగో దశ వచ్చాక కూడా చాలలేదు. ఇక కృష్ణా తప్ప దారి లేదని లెక్కలు తెలిసిన ప్రతివాడికీ తెలుసు. మేం పైపు కింద పడుకుని పని చేసినప్పుడు ఏ నాయకుడూ రాలేదు.

గన్‌పార్క్_శీను:
ఇంజనీర్ సార్‌కు సొంత బాధ ఉన్నట్టుంది 🙂 నీళ్లంటే పోతిరెడ్డిపాడు కూడా చెప్పండి. శ్రీశైలం నుంచి రాయలసీమకు కృష్ణా నీళ్లు తీసుకెళ్లే ఆ హెడ్ రెగ్యులేటర్‌ను వైఎస్ ప్రభుత్వం పెంచుతుంటే సొంత పార్టీలో ఉండి అడ్డం మాట్లాడింది ఈయనే. 2004లో గెలిచినా మంత్రి పదవి రాలేదు. ఇప్పుడు ఫ్లైఓవర్లు ఇస్తున్నారు.

లేఅవుట్‌రావు:
విషయం నీళ్ల మీదికి మళ్లించొద్దు. నేనడిగింది పట్టాలు. పట్టా ఇస్తారు, ఓటు తీసుకుంటారు. దీనికి సేవ అని పేరు.

రేకులిల్లు:
ఓట్లు అంత గ్యారంటీ అయితే 1999లో ఎందుకు ఓడిపోయారు? సీబీఐ డైరెక్టర్‌గా చేసిన విజయరామారావు గారి మీద ఓడారు కదా. అప్పుడూ ఇవే బస్తీలు. 1983లో ఎన్టీఆర్ గాలికి ఆ సీటు పోయింది, 1985లో రాష్ట్రమంతా అదే గాలి వీస్తున్నా ఈయన గెలిచారు. 1994లో కాంగ్రెస్‌కు రాష్ట్రం మొత్తం మీద వచ్చింది 26 సీట్లు, గెలిచినవాళ్లలో ఈయనొకరు. బస్తీ వాళ్లు గొర్రెలు కాదు సార్, ఒకసారి వేస్తారు, ఒకసారి వేయరు.

నాగోల్_సూరి:
క్రమబద్ధీకరణ ఆయనతోనే మొదలై ఆయనతోనే ఆగిందా? 2014 చివర్లో 58వ నంబరు జీవో, సర్కారు జాగాలో కట్టుకున్న ఇళ్లకు 125 గజాల దాకా ఉచితంగా పట్టా. అది ఇచ్చింది టీఆర్ఎస్ అని అందరికీ తెలుసు. ఏ పార్టీ పట్టాలు ఆపింది చెప్పండి.

లేఅవుట్‌రావు:
సరే, నా సంగతి కూడా వినండి. మా నాన్న రిటైరై, వచ్చిన డబ్బంతా పెట్టి యూసుఫ్‌గూడ దగ్గర 200 గజాలు కొన్నారు. 1996 దసరా సెలవుల్లో ఊరికెళ్లి వచ్చేసరికి అందులో ఏడు గుడిసెలు, ఒక జెండా. పదకొండేళ్లు కోర్టు. వాయిదాకు వెళ్లేటప్పుడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకునేవారు, జడ్జి గారు మర్యాదస్తుడు అనుకోవాలని. చివరికి సగం ధరకు ఇచ్చేసి బయటపడ్డాం. తీర్పు రాకుండానే నాన్న పోయారు. ఇప్పుడు చెప్పండి, నేను ఏ విగ్రహానికి దండ వేయాలి?

రేకులిల్లు:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ ఆ జెండా పాతించింది పీజేఆరా?

లేఅవుట్‌రావు:
కాదు. గల్లీ లీడర్ ఒకడు. పార్టీ కూడా వేరే. కానీ ధైర్యం ఎక్కడిది వాడికి? ఆ వాతావరణం ఎవరిది?

రేకులిల్లు:
వాతావరణానికి కూడా పీజేఆరే బాధ్యుడైతే ఎండలకు కూడా ఆయన్నే అనండి. మీది సొంత ప్లాటు, మాది సర్కారు గుట్ట. రెండూ ఒకటి చేయకండి. సర్కారు భూమి గురించి మాట్లాడితే జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ దగ్గర మొదలుపెడదాం. 1960లలో వాళ్లకు గుట్టలకు గుట్టలు ఇచ్చింది సర్కారే కదా? వాళ్లకిస్తే కేటాయింపు, మాకిస్తే కబ్జా.

లేఅవుట్‌రావు:
వాళ్లు డబ్బు కట్టారు!

రేకులిల్లు:
ఇప్పుడు ఆ గజం ధర ఎంత, అప్పుడు కట్టిందెంత, మీరే లెక్క చూసుకోండి.

బల్కంపేట_పోరడు:
చాయ్ అయిపోయింది, లొల్లి అయిపోలేదు.

లేఅవుట్‌రావు:
సరే, ముసుగులో గుద్దులాట ఎందుకు. పట్టా ఇచ్చింది తలదాచుకోవడానికి. ఇప్పుడెళ్లి చూడండి, అరవై గజాల్లో నాలుగంతస్తులు, కింద మొబైల్ షాపు, పైన అద్దెలు. నా కొడుకు ఇరవై ఏళ్ల ఈఎంఐ పెట్టుకుని నల్లగండ్లలో పద్నాలుగో అంతస్తులో గాల్లో వేలాడుతున్నాడు. వాడి కింద గజం భూమి లేదు. పన్ను కట్టేది వాడు, నగరం నడిబొడ్డున కోటి ఆస్తి మీది. ఇది పేదరికం నిర్మూలనా, లాటరీనా?

రేకులిల్లు:
హమ్మయ్య, ఇప్పటికి బయటికొచ్చింది. నాలా కాదు, రోడ్డు కాదు. మేం రేకుల కింద ఉన్నన్నాళ్లూ మీకు ఏ ఇబ్బందీ లేదు, మా గురించి జాలిగా మాట్లాడేవారు. స్లాబు పడ్డాకే మేం కబ్జాదారులమయ్యాం.

లేఅవుట్‌రావు:
అవును, ఇబ్బందే. ఎందుకు ఉండకూడదు? రూలు ప్రకారం నడిచినవాడు వెర్రివాడైతే బాధ ఉండదా?

గన్‌పార్క్_శీను:
రావన్నా, నీ కోపం అపార్ట్‌మెంట్ బిల్డర్ మీద ఉండాల్సింది, తప్పు గేటు కొడుతున్నావ్.

రేకులిల్లు:
బాధ ఉంటుంది, కాదనను. మా అన్నదమ్ములు కూడా ఆ అరవై గజాల మీద కొట్టుకుంటున్నారు. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి మంచం వేసుకునేంత రాదు. మెట్లు బయటికి పెట్టాం, వాన పడితే అమ్మ దిగలేదు. పైన అద్దెకున్నది శ్రీకాకుళం పిల్లలు ముగ్గురు. కొండాపూర్‌లో డెలివరీ పని, మీ ఫ్లైఓవర్ మీదే తిరుగుతారు. అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. పట్టా కాగితం పెద్దమ్మ తల్లి పటం వెనక పెట్టి ఉంచింది. 2007 డిసెంబర్‌లో ఆయన పోయిన రోజు పొయ్యి వెలిగించలేదు. ఇందులో లాటరీ ఎక్కడుందో మీరే చెప్పండి.

నాగోల్_సూరి:
ఆయన పోయాక 2008 ఉప ఎన్నికలో ఆయన కొడుకు మీద తెలుగుదేశం అభ్యర్థినే పెట్టలేదు. అప్పటి రాజకీయం అలా ఉండేది.

లేఅవుట్‌రావు:
మీ అమ్మగారి మీద నాకు కోపం లేదమ్మా. ఆ కాగితం మా నాన్నకు ఎందుకు పనికిరాలేదన్నదే నా ప్రశ్న. ఆయన దగ్గరా కాగితం ఉంది. రిజిస్టర్డ్.

సాగర్‌పంపు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. అమ్మా, మీ బస్తీకి పైపు ఏ సంవత్సరం వచ్చింది? 2004కు ముందా, తర్వాతా? అది తేలితే నా మాట తేలుతుంది.

రేకులిల్లు:
అమ్మని అడిగాను సార్. పైపు ముందొచ్చిందట, నీళ్లు తర్వాతొచ్చాయట.