మామునూరు ఎయిర్‌పోర్టు కాలం నాటి కర్ర ప్రొపెల్లర్‌కు పాలిష్ పెట్టించాలా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
మా తాత వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టులో పని చేసేవారు. బాపమ్మ పోయాక పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద కర్ర ప్రొపెల్లర్ (విమానం ముందు తిరిగే పంకా) దొరికింది. ఆరడుగులు దాటి ఉంది. కొసలకు ఇత్తడి తొడుగులు, నల్లబడ్డాయి. ఒక రెక్క మీద సన్నని రంధ్రాలున్నాయి. పక్కనే గుండ్రటి మీటరొకటి, ఒక నోట్‌బుక్, కొన్ని ఫొటోలు. వడ్రంగి చూసి, గీకి పాలిష్ పెడితే కొత్తదానిలా అవుతుందన్నాడు. రేపే వస్తానన్నాడు. చేయించమంటారా?

జవాబు:
తమ్ముడూ, ముందు వడ్రంగికి ఫోన్ చేసి రావద్దని చెప్పు. నేను విమానాల మెయింటెనెన్స్‌లో పని చేసి రిటైరయ్యాను. ప్రొపెల్లర్ మధ్యలో బోల్టు రంధ్రాల చుట్టూ చూడు, అంకెలు, అక్షరాలు గుద్ది ఉంటాయి. డ్రాయింగ్ నంబరు (ఏ నమూనా ప్రకారం చెక్కారో చెప్పేది), వ్యాసం, పిచ్ (ఒక్క చుట్టుకు ఎంత ముందుకు పోవాలన్న లెక్క), ఏ ఇంజనుకు చేశారన్నది అక్కడే ఉంటుంది. ఉప్పు కాగితం పెట్టి రుద్దితే అవి అరిగిపోతాయి. ఆ తర్వాత అది ఏ విమానానిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. వార్నిష్ వద్దు, నూనె వద్దు.

ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చెప్పు, ఆ ఇత్తడిని చింతపండుతో తోమొద్దు. పులుపు నీళ్ళు తొడుగు కిందికి దిగితే లోపల కర్ర, స్క్రూలు రెండూ పాడవుతాయి. పలకలను జిగురుతో అతికించి చెక్కిన కర్ర అది. వానాకాలం చెమ్మ పట్టే గోడకు తగిలించకు, ఎండ పడే చోటా పెట్టకు.

మీటరు గురించి గట్టిగా చెబుతున్నా. ఆ రోజుల్లో చీకట్లో కనబడాలని అంకెలకు రేడియం కలిపిన రంగు వేసేవారు, అది ఒంటికి హాని చేసే రేడియోధార్మిక పదార్థం. ఇప్పుడు మెరవట్లేదని ధైర్యపడకు. మెరుపు పోతుంది కానీ రేడియం పోదు, అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అద్దం విప్పొద్దు. జిప్ కవర్‌లో పెట్టి, పడకగదికి దూరంగా, పిల్లలకు అందని చోట ఉంచు. ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కో.

ఇంకో జవాబు:
నోట్‌బుక్‌ను, ఫొటోలను లామినేషన్ షాపుకు మాత్రం తీసుకెళ్ళకండి. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు. కలరా ఉండలు కూడా వాటి మధ్య వేయొద్దు. నీడ వెలుతురులో ఫ్లాష్ లేకుండా ప్రతి పేజీ ఫొటో తీసుకోండి. ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎవరెవరో రాయండి, బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపు గీతలు తేలతాయి. ఈ పని మీ నాన్నగారిని కూర్చోబెట్టుకుని ఇప్పుడే చేయండి. మామునూరు ఎయిర్‌పోర్టును నిజాం 1930లో కట్టించారు, 1981 వరకు విమానాలు దిగాయి. మళ్ళీ ఎయిర్‌పోర్టు కోసం 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. కొత్త రన్‌వే వచ్చాక పాత షెడ్లు ఎక్కడుండేవో చూపించడానికి ఇలాంటి ఫొటోలే మిగులుతాయి. నాకు ఆ ఫొటోలు చూడాలని చాలా ఉంది.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, వడ్రంగిని ఆపాను. మధ్యలో ‘గిప్సీ మేజర్’ అని ఉంది! అంటే టైగర్ మాత్ విమానానిదేనా?

జవాబు:
చాలా సంతోషం తమ్ముడూ. టైగర్ మాత్‌కు ఆ ఇంజనే, కానీ అదే ఇంజను వేరే విమానాలకూ వాడారు. డ్రాయింగ్ నంబరు కలిస్తేనే తేలుతుంది. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియం వాళ్ళకు నంబరు ఫొటో పంపించి అడుగు.

ఆ రంధ్రాల సంగతి మరిచిపోకు. రెక్క కింద నల్లటి కాగితం పరిచి వారం ఆగు. తాజా పొడి రాలితే పుచ్చు పురుగు లోపల ఇంకా బతికే ఉన్నట్టు. అప్పుడు దాన్ని మందపాటి పాలిథీన్‌లో చుట్టి, మిగతా కర్ర సామానుకు దూరంగా పెట్టు. కిరోసిన్ పోయొద్దు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత వస్తువులను బాగుచేసే ల్యాబ్ ఉంది, వాళ్ళను అడిగాకే మందు సంగతి చూద్దాం. వారం తర్వాత కాగితం ఫొటో ఇక్కడ పెట్టు.