మావాడు ‘విజువల్ లెర్నర్’ అట, నమ్మొచ్చా?

చిన్నోడి అమ్మ
మావాడు మూడో తరగతి. మొన్న స్కూల్లో ఏదో టెస్ట్ పెట్టి రంగురంగుల రిపోర్టు చేతికిచ్చారు. ‘మీ బాబు విజువల్ లెర్నర్. బొమ్మలు చూపిస్తేనే ఎక్కుతుంది, విని నేర్చుకునే రకం కాదు’ అని. దానికి రెండున్నర వేలు ఫీజు. వీడేమో సినిమా పాట రెండుసార్లు వింటే చాలు, చరణాలతో సహా పాడేస్తాడు. ఎనిమిది ఏడులెంతరా అంటే మాత్రం దిక్కులు చూస్తాడు. ఇప్పుడు ఎక్కాలకి కూడా బొమ్మలు గీయాలా నేను?

బడిపంతులు
అమ్మా, ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఒకడికి బోర్డు మీద గీస్తే వెలుగుతుంది, ఇంకొకడికి కథలా చెప్పాలి, మూడోవాడు చేత్తో పట్టుకుని చూస్తే తప్ప వినడు. ఫీజు సంగతి నాకు తెలియదు గానీ, రిపోర్టులో ఉన్నది అబద్ధం అనను.

కాకినాడ కాఫీ
మేష్టారూ, కోప్పడకండి. పిల్లలకి ఇష్టాలు వేరువేరుగా ఉంటాయి, కాదనను. ఆ ఇష్టానికి తగ్గట్టు చెబితే ఎక్కువ గుర్తుంటుందా అన్నదే అసలు ప్రశ్న. 2008లో హెరాల్డ్ పాష్లర్, రాబర్ట్ బ్యోర్క్, మరో ఇద్దరు సైకాలజిస్టులు కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. ఇది నిజమని తేలాలంటే ‘చూసే’ పిల్లల్లో సగంమందికి బొమ్మలతో, సగంమందికి మాటలతో చెప్పాలి. ‘వినే’ పిల్లలకీ అంతే. ఆఖర్న అందరికీ ఒకే పరీక్ష. అప్పుడు చూసేవాళ్లకి బొమ్మలు, వినేవాళ్లకి మాటలు కలిసిరావాలి. ఇంత పద్ధతిగా చేసిన పరిశోధనలే బహు తక్కువ దొరికాయి. వాటిలోనూ కొన్ని ఈ సిద్ధాంతానికి అడ్డం తిరిగాయి.

2015లో బెత్ రొగౌస్కీ బృందం పెద్దవాళ్ల మీద చూసింది. ఒకే పుస్తకాన్ని కొందరికి ఆడియోగా, కొందరికి చదవడానికి ఇచ్చారు. వెంటనే ఒకసారి, రెండు వారాలకి మళ్లీ పరీక్ష. ‘నేను వినే రకం’ అనుకున్నవాళ్లకి వినడం వల్ల ఒరిగిందేమీ లేదు.

ఇంకో తమాషా. 2004లో ఇంగ్లండులో లెక్కేస్తే ఇలాంటి ‘లెర్నింగ్ స్టైల్’ నమూనాలు 71 తేలాయి. మీ బాబుకి వేరే కంపెనీ టెస్ట్ పెడితే వేరే రకం అయిపోతాడు.

బడిపంతులు
అయితే మ్యాపులు, చార్టులు అటకెక్కించమంటారా?

కాకినాడ కాఫీ
అయ్యో, అదేం మాట! గోదారి త్ర్యంబకం దగ్గర పుట్టి ధవళేశ్వరం దాటాక పాయలుగా ఎలా చీలిందో క్లాసులో అందరికీ మ్యాపే కావాలి. సంగీతం క్లాసులో గమకం అందరికీ వినిపించాలి. ‘నువ్వు చూసే రకం, నీకు గమకం బొమ్మ గీసిస్తా’ అంటే నవ్వరూ?

రెండు జడల నాన్న
ఒక్క మాట, కాస్త గట్టిగానే చెబుతాను. ‘స్టైల్సూ లేవు, ఏమీ లేవు, పిల్లలంతా ఒకటే’ అన్న మాట వల్ల మా పాప రెండేళ్లు నష్టపోయింది. తనకి డిస్లెక్సియా. నోటితో అడిగితే గ్రహణం ఎలా పడుతుందో చక్కగా చెబుతుంది, ‘గ్రహణం’ అన్న మాట చదవమంటే ఆ క్రారవడి దగ్గర చెమటలు పడతాయి. టీచరమ్మ బద్ధకం అంది. నేనూ నమ్మాను, నాలుగు తిట్టాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. శబ్దాన్ని అక్షరంతో జతచేసే దగ్గరే ఇబ్బంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఇదీ ఉంది. పైగా మన లిపి చూడండి, గుణింతాలు, ఒత్తులు కలిపితే వందలు. కన్నడ పిల్లల చదువు మీద సోనాలీ నాగ్ 2007లో రాసిన పరిశోధన ఉంది. ఇంగ్లిష్‌లా ఇరవయ్యారు అక్షరాలతో అయిపోయేది కాదు కాబట్టి, నాలుగో తరగతికి వచ్చినా అక్షరాలు నేర్చుకోవడం సాగుతూనే ఉంటుందని. తెలుగు లిపి దానికి తోబుట్టువు. మన పిల్లలు ఒకటో తరగతిలోనే గడగడా చదివేయాలని తొందరపడేవాళ్లు ఇది కాస్త పట్టించుకోవాలి.

కాకినాడ కాఫీ
ఒప్పుకుంటున్నానండీ. నేను కాదన్నది ఆ రంగుల రిపోర్టునే. మీ పాపది నిజమైన తేడా, దానికి వేరే శిక్షణ ఉంది. ఆ రెండూ ఒక గాట కట్టడమే చిక్కు తెస్తోంది.

అప్పటి వానాకాలం చదువు
మా రోజుల్లో టెస్టులూ లేవు, రకాలూ లేవు. సాయంత్రం దీపం పెట్టగానే పుస్తకం మూసి తాతగారి ముందు అప్పజెప్పడమే. సుమతీ శతకం నాకు ఇప్పటికీ కంఠతా.

కాకినాడ కాఫీ
బాబాయి గారూ, అసలు మందు అదే! 2006లో రోడిగర్, కార్పికె అని ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లలకి చిన్న పాఠాలిచ్చారు. కొందరు నాలుగుసార్లు చదివారు. కొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు కాగితం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి, వాళ్లకి 83 శాతం గుర్తుంటే అప్పజెప్పినవాళ్లకి 71. వారం పోయాక చూస్తే చదివినవాళ్లకి 40, అప్పజెప్పినవాళ్లకి 61.

బడిపంతులు
అంటే మమ్మల్ని బట్టీ పంతుళ్లని ఇన్నాళ్లు ఊరికే ఆడిపోసుకున్నారన్నమాట.

కాకినాడ కాఫీ
సగం ఊరికే. ఆ పిల్లలు రాసింది అచ్చులో ఉన్న వాక్యం కాదు, అర్థమైన విషయం. మీ బడిలో కామా తప్పినా మార్కు కోస్తారుగా.

చిన్నోడి అమ్మ
నిన్న రాత్రి అన్నం కలుపుతూ, పుస్తకం లేకుండా, వరస తప్పించి అడిగాను. ఎనిమిది ఏడులు అంటే ‘యాభై నాలుగు’ అన్నాడు. కాదురా అంటే అలిగి, ముద్ద తినకుండా వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి చూస్తే ఆ రిపోర్టు తిరగేసి, వెనక తెల్లగా ఉన్న వైపు ఎనిమిదో ఎక్కం రాసుకుంటున్నాడు. మంచి మందం కాగితం లెండి.