పై దవడ రూట్ కెనాల్ చేసిన రోజల్లా మెడ నొప్పి: లూప్స్ (కళ్లజోడుకు అమర్చే భూతద్దాలు) కొంటే తగ్గుతుందా?

ప్రశ్న (దంతవైద్యురాలు, తెనాలి):
క్లినిక్ పెట్టి 6 ఏళ్లయింది. కొన్ని నెలలుగా సాయంత్రానికి మెడ కుడివైపు, భుజం బిగుసుకుపోతున్నాయి. పై దవడ చివరి పళ్లకు రూట్ కెనాల్ ఉన్న రోజు మరీ ఎక్కువ. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. దిండు మార్చాను, మాత్రలు వేసుకున్నాను. లూప్స్ కొందామంటే ధర విని కళ్లు తిరిగాయి.

జవాబు (28 ఏళ్లుగా ప్రాక్టీసు):
లూప్స్ సంగతి తరవాత, డాక్టరమ్మా. పై పళ్లకు పని చేసేటప్పుడు పేషెంటును పూర్తిగా వెల్లకిలా పడుకోబెడుతున్నారా? "తల కిందికి పోతోందండీ" అనగానే మొహమాటపడి కుర్చీ వీపు లేపేస్తాం. లేపిన మేరకు మన మెడ వంగుతుంది. పై దవడకు కుర్చీ బల్లపరుపుగా ఉంచి, గడ్డం పైకెత్తించండి. కింది దవడకు వీపు కాస్త లేపి, గడ్డం దించమనండి. మొదట మీ స్టూలు సరిచేసుకోండి. తరవాత పేషెంటు నోరు మీ మోచేతి ఎత్తుకు వచ్చేలా కుర్చీ పెట్టండి. మనమందరం దీన్ని తలకిందులుగా చేస్తాం.

అసలు మందు నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం. కాలేజీలో దాన్ని బుగ్గ పక్కకు లాగడానికే ఎక్కువ వాడాం, నేనూ అంతే. పేషెంటు తల వెనక కూర్చుని అద్దంలో చూస్తూ పని చేయడం నలభై దాటాక నేర్చుకున్నాను. మొదట్లో చెయ్యి ఎడమకు పొమ్మంటే కుడికి పోతుంది. తీసేసిన పళ్ల మీద సాధన చేశాకే పేషెంటు జోలికి వెళ్లాను.

లూప్స్ కొంటే, మీరు పని చేసే దూరం కొలిపించుకోండి. కటకాలు కిందికి తగినంత వాలి ఉండాలి. వాలు చాలకపోతే డబ్బూ పోతుంది, మెడా పోతుంది.

జవాబు (ఫిజియోథెరపిస్టు):
మేడమ్, తిమ్మిరిని మెడ నొప్పితో కలిపేయకండి. చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా? అయితే మణికట్టు దగ్గర నరం నలుగుతూ ఉండవచ్చు. మెడ తిప్పినప్పుడు చేతిలోకి జువ్వుమని లాగుతోందా? అప్పుడు మెడ నరాన్ని అనుమానించాలి. రెండింటిలో ఏదైనా సరే, పరీక్ష చేయించుకునే తేల్చుకోవాలి. చేతిలోని వస్తువులు జారిపోతున్నా, నడక తూలుతున్నా ఒక్క రోజు కూడా ఆగకండి.

ఈలోగా రాత్రిపూట మణికట్టు నిటారుగా ఉంచే పట్టీ వాడి చూడండి. చేతితో చేసే స్కేలింగుకు (పళ్ల గార తీయడానికి) లావుపాటి, తేలికైన పిడి ఉన్న పరికరం తీసుకోండి, పదును తగ్గనివ్వకండి. మొండి పరికరంతో పట్టు బిగుస్తుంది. బిగుతు గ్లౌజులు కూడా బొటనవేలి మొదలును పీడిస్తాయి.

అడిగినవారు:
పని చేస్తుండగా పక్క నుంచి ఫోటో తీయమని మా అసిస్టెంటుతో చెప్పాను. చూసి సిగ్గేసింది, కొంగ చేప కోసం వంగినట్టు ఉన్నాను. స్టూలు కూడా బాగా కిందికి ఉంది. ఒక సందేహం: ఆయాసంతో వెల్లకిలా పడుకోలేని ఒక పెద్దాయనకు పై పంటి రూట్ కెనాల్ సగంలో ఉంది. ఆయన్ను ఏం చేయను?

జవాబు (28 ఏళ్లుగా ప్రాక్టీసు):
ఆయన్ను బలవంతంగా పడుకోబెట్టవద్దు. నెలలు నిండిన గర్భిణులకూ అంతే. ఆయనకు ఊపిరి ఆడేంత వాలుతోనే సరిపెట్టుకుని, మీరు కాసేపు నిలబడి చేయండి. మిగిలిన పనిని రెండు చిన్న సిట్టింగులుగా విడగొట్టి, రెండూ ఉదయం మొదటి అపాయింట్‌మెంటుకే ఇవ్వండి. అప్పటికి మీ మెడ ఇంకా అలిసిపోయి ఉండదు.