"క్రాంక్ పుల్లీ ఆడుతోంది" అనొచ్చా?

ఈ వాక్యం సరైనదేనా, పుల్లీకి మన మాట ఏదైనా ఉందా అని ఒక తమ్ముడు అడిగాడు. క్రాంక్ పుల్లీ అంటే ఇంజినును తిప్పే ఇరుసు (క్రాంక్ షాఫ్ట్) కొనకు ఉండి, బెల్టును తిప్పే చక్రం. మాది మహారాష్ట్రలోని రాజురా. ఇంట్లోనే కారు పనులు చేసుకునే అలవాటు ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పేరు సంగతి తేలికే. మా రాజురా, బల్లార్షా వైపు తెలుగువాళ్లం బావి మీది చక్రాన్ని గిరక అంటాం, కోస్తావాళ్లు గిలక అంటారు. కప్పీ అన్నా తెలుగులో చెల్లుతుంది, మరాఠీవాళ్లకూ అదే మాట. 1956 దాకా రాజురా, కిన్వట్ తాలూకాలు ఆదిలాబాద్ జిల్లాలోవే కాబట్టి ఇళ్లలో ఆ పలుకుబడి ఇంకా ఉంది. షెడ్డులో మాత్రం అందరూ క్రాంక్ పుల్లీ అనే అంటారు. నాకు దానితో పేచీ లేదు.

చిక్కంతా "ఆడుతోంది" దగ్గరే. మర ఆడుతోంది అంటే నడుస్తోందని. పన్ను ఆడుతోంది అంటే వదులైందని. తల ఆడించాడు అంటే ఊపాడని. మెకానిక్‌కు ఫోన్ చేసి పుల్లీ ఆడుతోంది అంటే అతను వీటిలో ఏదనుకోవాలి? ఒక్కో అర్థానికి ఒక్కో రిపేరు ఉంది మరి.

చాలా కార్లలో ఈ పుల్లీ ఒకే ముక్కగా ఉండదు. నడుమ హబ్, బయట బెల్టు తిరిగే రింగు, రెంటి మధ్య రబ్బరు. సిలిండరులో ఇంధనం మండిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్ కొంచెం మెలిపడుతుంది. ఆ అదురును తగ్గించేందుకే ఆ రబ్బరు. ఏళ్లు గడిచే కొద్దీ వేడికి, కారిన ఆయిలుకు అది పగుళ్లిస్తుంది.

అప్పుడు బయటి రింగు హబ్ మీద పట్టు తప్పుతుంది. దీన్ని "జారింది" అనాలి. తెలుసుకోవడం సులువు. ఇంజిను ఆపి, హబ్ నుంచి రబ్బరు మీదుగా రింగు దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. పెయింటు ఆరాక కొంతసేపు బండి నడిపి, ఆపి చూడండి. గీత తెగి రెండు కొనలు పక్కకు జరిగితే రింగు జారినట్టే. టైమింగ్ గుర్తు (ఇంజిను భాగాలు ఒకదానికొకటి సరైన వేళకు కదిలేలా సరిచూసే గీత) ఆ రింగు మీదే ఉంటే ఇక దాన్ని నమ్మకండి.

తిరిగేటప్పుడు అంచు లోపలికీ బయటికీ వస్తుంటే "ఊగుతోంది" అనండి. చేతులు, చున్నీ, లుంగీ దూరంగా ఉంచి పక్క నుంచి చూడాలి. నడి బోల్టు సడలి మొత్తం పుల్లీయే షాఫ్ట్ మీద కదులుతుంటే "వదులైంది" అనండి. నాకు అన్నిటికంటే భయం దీనితోనే. తాళం (పుల్లీ షాఫ్ట్ మీద తిరిగిపోకుండా పట్టే కీ) కూర్చునే గాడి అరిగిపోతే షాఫ్ట్‌కే దెబ్బ, ఖర్చు చాలా పెరుగుతుంది.

చప్పుళ్లకైతే మనకు మాటలు దండిగా ఉన్నాయి. బెల్టు జారితే కీచుమంటుంది, బేరింగు పోతే గరగరలాడుతుంది, పుల్లీ వదులైతే టకటకమంటుంది. "సౌండ్ వస్తోంది" అని ఊరుకోకుండా ఈ మాట చెబితే మెకానిక్‌కు సగం దారి దొరుకుతుంది.

కింద కామెంట్లలో ఒకరు అడిగారు: "అన్నా, మేం పుల్లీ కొట్టి తీశాం అంటాం. తప్పా?"

మాటగా తప్పేం లేదు, పనిగా తప్పు. సుత్తితో కొట్టకూడదు, పుల్లర్‌తో లాగాలి. ఆ పుల్లర్‌ను కూడా హబ్‌కు ఉన్న మర రంధ్రాల్లో బిగించాలి. బయటి రింగు పట్టి లాగితే మంచి రబ్బరు కూడా చిరుగుతుంది. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీసి, బెల్టు ఏ దారిలో తిరుగుతోందో ఫోటో తీసుకోండి. బండి కిందికి వెళ్లాలంటే స్టాండ్లు ఉండాల్సిందే, ఒక్క జాకీని నమ్మొద్దు. బోల్టు రాకపోతే పానా ఇరికించి స్టార్టర్ తిప్పే పద్ధతి ఒకటుంది. దయచేసి అది చేయకండి, పానా ఎగిరి మనిషికి తగులుతుంది. హోల్డింగ్ టూల్‌తో పుల్లీని పట్టి విప్పండి. కొన్ని ఇంజిన్లలో తాళమే ఉండదు, బోల్టు బిగువే టైమింగ్‌ను పట్టి ఉంచుతుంది. వాటిలో షాఫ్ట్‌ను లాక్ చేయకుండా బోల్టు తీయొద్దు. కాబట్టి పానా పట్టకముందే మీ బండి మాన్యువల్ చూడండి. పుల్లీ బయటికొచ్చాక వెనక ఆయిల్ సీలు కారుతోందేమో కూడా చూడండి.

"ఎక్కించడం", "బిగించడం" కూడా వేర్వేరు. ఎక్కించడమంటే పుల్లీని చోట్లో పూర్తిగా కూర్చోబెట్టడం. బిగించడమంటే మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (తిప్పే బలం కొలతకు) బోల్టును తేవడం. కొన్ని ఇంజిన్లకు ప్రతిసారీ కొత్త బోల్టే వేయాలి.

ఇంకొకరి ప్రశ్న: "వణుకుతోంది అంటే?"

అది మొత్తం ఇంజినుకు చెప్పే మాట. జారిన పుల్లీ వల్ల రావచ్చు, విరిగిన మౌంటు (ఇంజినును బండికి పట్టి ఉంచే ఆధారం) వల్లా రావచ్చు. ముందు పెయింటు గీత గీసి చూడండి, గీత కదలకపోతే మౌంట్లు చూడండి.