డీప్ వీ బోటు: 19 అడుగులదా, 23 అడుగులదా? (విశాఖ తీరం, గాలం వేట)

కోనాం_గాలం:
వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. ఈలోపు ఫైబర్ బోటు పోయించాలి. యార్డులో రెండు మోల్డులున్నాయి. రెండూ డీప్ వీ (అడుగు భాగం లోతైన V ఆకారం), ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) దగ్గర అడుగు భాగం వాలు 24 డిగ్రీలని చెప్తున్నారు. చిన్నది 19 అడుగులు, ఖాళీ హల్లు (ఇంజను లేని బోటు ఒళ్ళు) 620 కేజీలు, 60 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ సరిపోతుందట. పెద్దది 23 అడుగులు, 1,080 కేజీలు, 115 హెచ్‌పీ. వేట కోనాం (వంజరం), తూర (ట్యూనా). 15 నుంచి 25 నాటికల్ మైళ్ళు. ఇద్దరం వెళ్తాం, ఒక్కోసారి ముగ్గురం. ఏది తీసుకోమంటారు?

పాత_సరంగు:
19. మళ్ళీ అడగక్కర్లేదు బాబూ.
"నాలుగడుగులే కదా తేడా" అనుకుంటారు గానీ అది నాలుగడుగులు కాదు. పొడవు, వెడల్పు, లోతు ఒకే లెక్కన పెరిగితే 19కీ 23కీ మధ్య బోటు 1.77 రెట్లు అవుతాది. నువ్విచ్చిన బరువులే సూడు.
ఇంక పెట్రోలు. 60 ఇంజను 17 నాట్లలో (నాటు అంటే గంటకి ఒక నాటికల్ మైలు) గంటకి సుమారు 12 లీటర్లు తాగుతాది, అంటే మైలుకి 0.7. 115 ఇంజను 20 నాట్లలో 20 లీటర్లు, మైలుకి లీటరు. పాతిక మైళ్ళు ఎల్లి రావాలంటే ఒకదానికి 35, ఇంకోదానికి 50. పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, నిలవ ఒక వంతు పెట్టుకుంటే బయల్దేరేటప్పుడు ట్యాంకులో 53, 75 ఉండాలి. కోనాం పడని రోజు కూడా ఆ 15 లీటర్ల తేడా కాలిపోతాది.

ఫైబర్_మేస్త్రి:
సరంగుగారూ, ఖాళీ హల్లుకి లెక్క కట్టారు. ఖాళీ హల్లు వేటకి వెళ్ళదు.
19 అడుగుల దానికి ఎక్కించి చూడండి: హల్లు 620, ఇంజను 115, పెట్రోలు 100 లీటర్లు అంటే 74, ఇద్దరు మనుషులు 140, ఐసు 100, గాలాలు, లంగరు, బ్యాటరీ, జాకెట్లు కలిపి 80. మొత్తం 1,129 కేజీలు. టన్నుకి 53 హెచ్‌పీ, బోటు బాగానే లేస్తుంది. దాని మీద 300 కేజీల తూర పడితే 1,429. టన్నుకి 42. 24 డిగ్రీల అడుగు లేవడానికి చదును అడుగుకన్నా ఎక్కువ బలం అడుగుతుంది. 42తో ముక్కు ఎత్తి, తోక ముంచి, ప్లేనింగుకి (నీటి పైకి లేచి జారడానికి) రాకుండా ఈడ్చుకుంటూ వస్తుంది. అప్పుడు మైలుకి 0.7 అన్న మీ అంకె నిలబడదు, రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు.
23కి అదే లెక్క: 1,080, ఇంజను 175, పెట్రోలు 200 లీటర్లకి 148, ముగ్గురు 210, ఐసు 250, సామాను 120. మొత్తం 1,983. 300 కేజీల చేప వేసినా 2,283, టన్నుకి 50.

భీమిలి_అల:
19 బోటులో 300 కేజీల చేపకి 100 కేజీల ఐసేంటి? మన ఎండకి కేజీ చేపకి కేజీ ఐసు కావాలి. 

పాత_సరంగు:
అదే కదా నేననేది! ఐసు 100 పెట్టినోడు 100 కేజీల చేపకే ఎల్తాడు. 300 కేజీల లెక్క మేస్త్రిగారు తెచ్చి పెట్టింది.

ఫైబర్_మేస్త్రి:
తూర గుంపు మీ ఐసు పెట్టె చూసి తగలదండీ.

మంగమారిపేట_77:
అందరూ 24 డిగ్రీలని నమ్మేసి మాట్లాడుతున్నారు. ముందు కొలవండి. నాకు 24 అని అమ్మిన హల్లు కొలిస్తే 19 వచ్చింది. యార్డు పేరు చెప్పను.
కొలిచే పద్ధతి ఇది. ట్రాన్సమ్ దగ్గర కీలు (అడుగున మధ్యలో పొడుగ్గా ఉండే వెన్ను) కింద నుంచి అడ్డంగా లెవెల్ పట్టీ పెట్టండి. కీలు నుంచి 24 అంగుళాల దూరంలో పట్టీకీ అడుగుకీ మధ్య ఎత్తు చూడండి. 24 డిగ్రీలైతే 10.7 అంగుళాలు, 20 అయితే 8.7, 19 అయితే 8.3 రావాలి. ముందు భాగంలో కొలిచి చూపిస్తే ఒప్పుకోవద్దు, అక్కడ ఎవరి బోటైనా కోసుగానే ఉంటుంది.

అలల_లెక్క:
రెండు వైపులా పొడవే పట్టుకున్నారు. పొడవు ఏ అలకి పనికొస్తుందో కూడా చూడాలి.
లోతు నీటిలో అల పొడవు, మీటర్లలో, సుమారు 1.56 ఇంటూ పీరియడ్ వర్గం. పీరియడ్ అంటే ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు. 8 సెకన్ల ఉబ్బు (దూరం నుంచి వచ్చే పొడుగు అల) అంటే 100 మీటర్లు. దాని మీద 19 అయినా 23 అయినా బెండు ముక్కే, తేడా తెలియదు. 2 సెకన్ల చిల్లర అల 6.2 మీటర్లు, అంటే 20 అడుగులు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఒడ్డుకి వచ్చేటప్పుడు కొట్టేది ఇదే. 19 అడుగుల బోటు ఆ గుంటలో పడుతుంది, 23 రెండు శిఖరాల మీద నిలుస్తుంది. గాలి పెరిగి అల 3 సెకన్లకి, 14 మీటర్లకి చేరితే ఆ లాభం కూడా పోతుంది. అప్పుడు ఆదుకునేది బరువు, ముందు కోసుదనం, స్పీడు తగ్గించే చెయ్యి.
ఇన్‌కాయిస్ (హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం) రోజూ ఇచ్చే సముద్ర స్థితి సూచనలో అల ఎత్తు ఒక్కటే చూసి వదిలెయ్యకండి, పీరియడ్ కూడా చూడండి.

పాత_సరంగు:
24 డిగ్రీలు ఇంజను ఆపాక ఊగుతాది. గాలం దించి నిలబడితే ఇద్దరూ ఒక పక్కకి వచ్చినప్పుడు అంచు నీటికి దిగుతాది. అంత వీ మన పనికి ఎందుకు? 16, 18 చాలు.

ఫైబర్_మేస్త్రి:
ఊగుతుంది, కాదనను. కానీ అందుకే 23 అంటున్నాను. వెడల్పు 7 అడుగుల నుంచి 8కి పెరిగితే నిలబడ్డప్పుడు పక్కకి వంగడం బాగా తగ్గుతుంది, వెడల్పు పని ఘనంలో చూపిస్తుంది.
24 డిగ్రీలు ఎవరో గాలిలో వేసిన అంకె కాదు. రే హంట్ గీసిన డీప్ వీ హల్లు 1960లో మయామీ నుంచి నాసో వరకు జరిగిన పందెంలో ఎగుడుదిగుడు నీటిలో గెలిచాకే ప్రపంచమంతా ఆ కోణం పట్టుకుంది. 16 డిగ్రీలు కావాలంటే అది వేరే బోటు, వేరే చర్చ.

కోనాం_గాలం:
ఒక సందేహం. కోనానికి 6 నాట్లలో లాగుతాం. ఆ స్పీడులో ఏది మేలు?

ఫైబర్_మేస్త్రి:
ఈ ప్రశ్న ముందే అడగాల్సింది తమ్ముడూ. నీటిలో ఆనే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే బోటు తేలుతూ పోగల స్పీడు నాట్లలో వస్తుంది. 19కి నీటిలో 17 అడుగులు అనుకుంటే 5.5. 23కి 20 అడుగుల 6 అంగుళాలు అనుకుంటే 6.1. నీ 6 నాట్లలో 23 తేలుతూనే పోతుంది. 19 తన అల ఎక్కడం మొదలుపెడుతుంది, ముక్కు లేస్తుంది, వెనక నురుగు పెరుగుతుంది, పెట్రోలు పెరుగుతుంది. గాలం నురుగులోనే పడితే తాడు ఇంకా వెనక్కి వదలాలి.

పాత_సరంగు:
5.5కీ 6కీ అర నాటు! అర నాటు కోసం 460 కేజీల బోటు ఎక్కువ మొయ్యమంటావా?

ఫైబర్_మేస్త్రి:
రోజంతా ఆ స్పీడులోనే ఉంటాడు కదండీ, పాతిక మైళ్ళు పరుగెత్తేది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

పాత_సరంగు:
రోజంతా, రోజంతా! మరి రాత్రికి దాన్ని ఎక్కడ పెడతాడు? ఈ అబ్బాయి ఇంటి దగ్గర ఇసకే ఉంటే 23 అడుగుల బోటుని ఎవరు లాగుతారు? మీరొస్తారా? 19 అయితే దుంగలేసి ఎనిమిది మంది లాగుతారు. 23కి ట్రాక్టరు కావాలి. హార్బర్‌లో కట్టుకో అంటారు, అక్కడ ట్రాలర్ల మధ్య చిన్న బోటు నలిగిపోతాది. 2023 నవంబరు 19 రాత్రి ఏటయిందో మర్చిపోయారా? దాదాపు 40 బోట్లు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుని కాలిపోయాయి. డీజిలు, గ్యాసు సిలిండర్లు, పక్కపక్కనే కట్టిన బోట్లు. బోటంటే ఇంటి ముందు ఉండాలి, కంటికి కనిపించాలి. అందుకే 19 అంటన్నాను, పెట్రోలుకి కాదు.

ఫైబర్_మేస్త్రి:
చూశారా, ఇది ముందే చెప్పి ఉంటే ఇన్ని లెక్కలు అక్కర్లేకపోయేది. అయితే నా మాట కూడా వినండి. డీప్ వీని ఇసక మీదకి లాగడమే తప్పు, 19 అయినా సరే. చదును అడుగున్న ఫైబర్ తెప్ప ఇసక మీద కూర్చుంటుంది. ఇది పక్కకి ఒరిగి, బరువంతా కీలు మీదా ఒక చైన్ (అడుగూ పక్క గోడా కలిసే అంచు) మీదా వేస్తుంది. ఒక సీజన్‌లో జెల్‌కోటు (పై పూత) అరిగి, ఫైబర్ పొరల్లోకి నీరు దిగుతుంది. అల విరిగే చోట ఇంజను దించితే ప్రొపెల్లరు ఇసకలో తగులుతుంది, దించకపోతే బోటు అడ్డం తిరుగుతుంది. ఒడ్డు మీద పెట్టుకునేవాళ్ళకి డీప్ వీయే వద్దంటాను.

పాత_సరంగు:
అంటే ఒడ్డునున్నోళ్ళకి మంచి బోటే వద్దంటావ్.

ఫైబర్_మేస్త్రి:
మంచి బోటు అంటే డీప్ వీ ఒక్కటేనా? ఆ మాట నేననలేదు. ఒడ్డుకి ఒడ్డు బోటు.

భీమిలి_అల:
తమ్ముడూ, ఇంతకీ నువ్వు ఎక్కడ పెడతావు? అది చెప్పకుండా అందరినీ కొట్టిస్తున్నావు.

కోనాం_గాలం:
నిజమే, చెప్పాల్సింది. రుషికొండ వైపు ఇల్లు. ఇసక మీద కాదు, ట్రైలరు మీద ఇంటి దగ్గర పెట్టి, వేట రోజు ర్యాంపు మీద దించాలని ఆలోచన. బండి ఉంది, 2 టన్నులు లాగుతుంది.

అలల_లెక్క:
అయితే మళ్ళీ లెక్క వెయ్యి. 23: హల్లు 1,080, ఇంజను 175, ట్రైలరే ఓ 400, సామాను 120. ఐసు, పెట్రోలు లేకుండానే 1,775. ట్యాంకు నింపితే 1,923. రెండు టన్నుల బండికి అంచు మీద ఉంటావు, తడి ర్యాంపు మీద వెనక చక్రాలు జారతాయి. ఐసు ఇంటి దగ్గర ఎక్కించకు, ర్యాంపు దగ్గరే ఎక్కించు.

పాత_సరంగు:
ట్రైలరు అయితే సరే, 23 వద్దని అనను. ట్రైలరుకి రెండు ఇరుసులు పెట్టించు. కీలు కింద రోలర్లు కాదు, బంకులు, అంటే పొడుగు చెక్క ఆనుపట్టీలు వెయ్యి, కీలుకి రెండు పక్కలా. ఉప్పునీటిలో దిగే బేరింగులకి ప్రతిసారీ గ్రీజు కొట్టాలి.

మంగమారిపేట_77:
ముందు ట్రాన్సమ్ కొలవండి. 10.7.

ఫైబర్_మేస్త్రి:
కొలుస్తాడులెండి. ట్రాన్సమ్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి: లోపల ప్లైవుడ్ ఉంటే ఇంజను బోల్టుల రంధ్రాలు ముందు పెద్దవిగా తొలిచి, రెజిన్‌తో నింపి, ఎండాక బోల్టు సైజుకి మళ్ళీ తొలవమను. నేరుగా తొలిస్తే నీరు ప్లైవుడ్‌లోకి దిగి కుళ్ళుతుంది. పాత హల్లు చూడబోతే చిన్న సుత్తితో తట్టు, టంగ్ అనాలి, మొద్దుగా వినిపిస్తే అక్కడ తడి ఉంది. నీటిలోకి దించిన మొదటి రోజు ఫుల్ థ్రాటిల్‌లో ఆర్పీఎం చూడు. ఇంజను బుక్కులో ఇచ్చిన పై అంకెకి దగ్గరగా రాకపోతే ప్రొపెల్లరు పిచ్ (ఒక చుట్టుకి ముందుకి పోయే దూరం) ఒక అంగుళం తగ్గించు, ఆర్పీఎం 150, 200 పెరుగుతుంది. ఈ పరీక్ష ఖాళీ బోటుతో చెయ్యకు, ముగ్గురినీ ఐసునీ ఎక్కించి చెయ్యి.